మంచినీళ్ళ బోరింగు పోయిన ఎండాకాలం

మొన్న ఆత్మకూరులో ఆడవాళ్ళకు నాయకత్వ శిక్షణ అని ఒక శిబిరం పెట్టి, పాతకాలంలో ఊరి పనులు చేసినవాళ్ళను కూడా కొందరిని పిలిచారు. మా ఊరి నుంచి నన్ను పిలిచారు. కల్యాణమండపంలో ఫ్యాన్ల కింద కుర్చీలు వేసి, మెడకొక కార్డు తగిలించి, చేతికొక మంచినీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి మా మనవరాలి ఈడుది, చక్కని మాటకారి. ఆ రోజుల్లో మన అవ్వలకు వంటిల్లు తప్ప వేరే లోకం తెలియదని మొదలుపెట్టి, రెండు ముక్కలు చెప్పమని మైకు నా నోటి దగ్గర పెట్టింది. నేను మొదటి ముక్క అందుకునేలోపల భోజనాల బండి వచ్చింది, మైకు వెళ్ళిపోయింది. అందుకు నాకు కోపం రాలేదు, నాకూ ఆకలిగానే ఉంది. కాని మెట్లు దిగుతుంటే, మా ఊరి మనిషి ఒకామె పక్కామెతో అన్న మాట చెవిన పడింది.

"ఈమె ఎవురనుకున్నావు మే? మంచినీళ్ళ బోరింగును నాశనం జేసిందే, ఆ ముసలామె కోడలు."

ఆ ముసలామె నాకు పెద్దత్త, అంటే మా మామగారి అన్న భార్య. ఆమె మట్టిలో కలిసి చాలాకాలమైంది, ఆ బోరింగు పోయి పాతికేళ్ళ పైమాటే, ఆ నింద మాత్రం ఇంకా కాళ్ళున్నట్టు తిరుగుతున్నది. ఆ రోజు బోరింగు దగ్గర నిజంగా ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఇద్దరు వెళ్ళిపోయారు, మిగిలింది నేను. నాకూ ఈ మధ్య నిన్న చదివిన పేజీ ఇవాళ కొత్తగా కనిపిస్తున్నది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ సంగతి నాతోనే పోతుందన్న భయం పట్టుకుని, మైకు ముందు చెప్పలేకపోయిన రెండు ముక్కలూ ఇక్కడ రాసిపెడుతున్నాను. నా ఈడువాళ్ళు, బిందె వరుసలో పెట్టి దాని పక్కనే కునుకు తీసినవాళ్ళు, ఇందులో కల్పించింది ఏమీ లేదని చదవగానే తెలుసుకుంటారు.

ముందు నా సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే నన్ను ఈ పనిలోకి లాగింది నా చదువే. బడిలో నేను చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా ఉదయగిరి గ్రంథాలయంలో చదివాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఏనాడూ సిగ్గులేదు, గర్వమే. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఉదయగిరికి సరుకులకు వెళ్ళినప్పుడు బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడలేక ఒకరోజు ఆ గదిలోకి వెళ్ళాను. గ్రంథపాలకుడు దాహానికి వచ్చాననుకుని కుండ చూపించాడు. నీళ్ళు తాగి, తాగాక ధైర్యం తెచ్చుకుని, ఒక పుస్తకం చదువుకోవచ్చునా అని అడిగాను. ఆయన నన్నొకసారి తేరిపార చూసి, ఫ్యాను కింద పేపర్లు చదువుతున్న మగవాళ్ళను కొంచెం జరగమన్నాడు. ఆ తర్వాత నేను ముట్టని పుస్తకం లేదు. వ్యవసాయం, ఆరోగ్యం, యాత్రలు, గొప్పవాళ్ళ జీవితాలు, చివరకు తేనెటీగల పెంపకం కూడా చదివాను. మా ఊళ్ళో తేనెటీగలు పెంచినవాళ్ళు ఒక్కరూ లేరు, అయినా రాణీ ఈగ గురించి ఇప్పటికీ అరగంటసేపు చెప్పగలను. మా అత్తగారు మాత్రం, ఇది పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద సంగటి దానంతటదే కెలుక్కోవాలని ఇరుగుపొరుగుకు వినిపించేటట్టు అనేది.

మా ఊరు ఉదయగిరి కొండ కనిపించే మెట్టలో ఉంది. సంగం వైపువాళ్ళకు కాలవ నీళ్ళున్నాయి, మాకు కాలు కింద రాయి, తల మీద ఎండ. ఊరికి రెండు బోరింగులుండేవి. బడి దగ్గరి బోరింగుది ఫ్లోరైడు నీళ్ళు. అవి తాగి పెరిగిన పిల్లల పళ్ళు గారకట్టేవి, నడివయసుకే పెద్దల మోకాళ్ళు బిగుసుకుపోయేవి. రెండోది ఊరికీ మా పాలేనికీ నడుమ, బందెలదొడ్డి పక్కన ఉండేది. మంచినీళ్ళు దానివే. మా పాలెమంతా తాతల కాలం నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్నవాళ్ళు, ఊళ్ళో రైతులు, ఒక శెట్టిగారి దుకాణం. బోరింగు దగ్గర ఊళ్ళోవాళ్ళ బిందెలు ఒక వరుస, మా బిందెలు ఒక వరుస. వరుసలు వేరైనా పట్టుకునే పిడి ఒకటే, అందువల్ల ఊరి ఆడవాళ్ళూ పాలెం ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకునే చోటు, మా గుడిసెలకు దగ్గర్లో అదొక్కటే.

ఆ బోరింగు చెడినప్పుడల్లా ఆత్మకూరుకు అర్జీ పోయేది. బాగుచేసేవాళ్ళ బండి మా వంతు వచ్చేసరికి వారాలు గడిచేవి, ఆ వారాలన్నీ పిల్లలు బడి బోరింగు నీళ్ళే తాగేవాళ్ళు. అట్లాంటి రోజుల్లో, ఊరికి ఇద్దరు ఆడవాళ్ళు ముందుకు వస్తే బోరింగు బాగుచేయడం నేర్పిస్తామని, జీతం ఏమీ ఉండదని, కబురు వచ్చింది. జీతం లేదనగానే ఊళ్ళో ఎవరూ కదలలేదు. మా పెద్దత్త మాత్రం ఆ కబురు విన్న చోటనే నిలబడి తన పేరు చెప్పింది.

ఆమెను చూడనివాళ్ళకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. పొడగరి, తెల్లచీర, పిలిస్తే పాలెం ఆ చివరకు వినిపించే గొంతు. భర్త పోయిన తర్వాత చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దగా ఉండేది. సమాజమంటే పాటలూ ప్రార్థనలే అని అందరూ అనుకుంటున్న కాలంలో, పాటయ్యాక అందరినీ పారలు తెమ్మని మురుగు గుంటలు తవ్వించేది. కాన్పులకు ముందు తానుండేది, చావులకు చివరిదాకా తానుండేది. ఆమెకు చదువు రాదు. సామాన్ల మీద పేర్లు చదవడానికి నువ్వు రావాలని నన్ను బయలుదేరదీసింది. ఇంట్లో పొయ్యి ఊదేదానికి వంగని నడుము బోరింగుకు వంగుతుందా అని మా అత్తగారు అడిగితే, "నువ్వు రా మే, నీ నడుము గూడా వంగేటట్టు జేస్తాం" అంది పెద్దత్త. మా అత్తగారు నవ్వి ఊరుకుంది. ఆమెను నవ్వించగలిగిన మనిషి లోకంలో పెద్దత్త ఒక్కతే.

శిక్షణ ఆత్మకూరులో జరిగింది. జలదంకి, వింజమూరు వైపు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు, కొందరికి చంకన బిడ్డలున్నారు. మొదటిరోజు స్పానరు చేతికిస్తే ఎవరికీ ఎటు తిప్పాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. టీకొట్టు దగ్గర మగవాళ్ళు మమ్మల్ని స్పానరమ్మలని పిలిచేవాళ్ళు. మాకు నేర్పిన ఫిట్టరు నడివయసు మనిషి, ముక్తసరి. భూమిలోకి ఒకదానికొకటి బిగించిన ఇనుప పైపులు దిగి ఉంటాయని, అన్నిటికన్నా కింద సిలిండరు ఉంటుందని, దానిలో తోలు వాషర్లు అరిగితే నీళ్ళు రావని, అప్పుడు పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి తీసి విప్పాలని చేసి చూపించాడు. ఒక పైపు విప్పుతున్నంతసేపు కింది పైపుల బరువంతా ఒక క్లాంపు మీద ఉంటుంది. క్లాంపంటే పైపును పళ్ళతో కరిచి పట్టుకునే పట్టకారు. పైపును పొడిగుడ్డతో తుడవనిదే క్లాంపును నమ్మొద్దని ఆయన రోజూ చెప్పేవాడు. గ్రీజు అంటిన చేతులతో బస్సులో తిరిగి వస్తుంటే మా పక్క సీట్లో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, మేమిద్దరం కాళ్ళు చాపుకుని వచ్చేవాళ్ళం. నా జీవితంలో అంత హాయిగా చేసిన ప్రయాణం మరొకటి లేదు.

ఇచ్చిన సామాన్ల పెట్టె పెద్దత్త మంచం కింద ఉండేది. తర్వాత ఏడాదిలో బోరింగుకు చిన్న చిన్న జబ్బులు వచ్చినప్పుడల్లా, గొలుసు తెగినా, పిడి ఊగినా, మేమే చూసుకున్నాం. ఊళ్ళో నుంచి ఆడవాళ్ళు మా పాలెంలోకి వచ్చి, పెద్దత్త గడప ముందు నిలబడి, "బోరింగు డాక్టరమ్మా, ఉండావా" అని పిలిచేవాళ్ళు. అంతకు ముందు మా గడపల ముందుకు వాళ్ళు వచ్చిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

ఆ ఎండాకాలం, వానలు లేని ఏడాది తర్వాత వచ్చిన ఎండాకాలం, సంగతి వేరు. ఊళ్ళో బావులన్నీ అడుగంటాయి. మంచినీళ్ళ బోరింగు మూలిగి మూలిగి గుక్కెడు పోసేది. అడుగున తోలు వాషర్లు పోయాయని పెద్దత్త పిడి కదలికను బట్టే చెప్పింది. ఆత్మకూరుకు కబురంపితే ఎప్పటిమాటే, మీ వంతు రావాలన్నారు. మనమే తీద్దామని పెద్దత్త అంది. పైపులన్నీ పైకి లాగడానికి మా ఇద్దరి బలం చాలదు, రెండు వైపులా నిలబడి ఎత్తేందుకు మరికొందరు కావాలి. మగవాళ్ళు, ఆడవాళ్ళు దిగిన పనికి మేము చేయి వేస్తే నామోషీ అన్నట్టు దూరంగా నిలబడ్డారు.

అప్పుడు ఊళ్ళో నుంచి మొట్టమొదట వచ్చి కొంగు దోపుకున్న మనిషి దుకాణం శెట్టిగారి భార్య. నాకన్నా కొంచెం పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. దుకాణం గల్లా దగ్గర కూర్చోవడం తప్ప బరువు మోసిన మనిషి కాదు, తెల్లగా, బొద్దుగా, ముక్కుకు పెద్ద బేసరి. ఆమె వచ్చేసరికి ఆమె వెనక ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. వస్తూ ఒక గిన్నెలో పసుపు కలుపుకుని తెచ్చింది.

"పెద్దమ్మా, భూమిలో నుంచి గంగమ్మను బయటికి తీస్తా ఉండాం. పసుపు కుంకం పెట్టకుండా లాగితే ఆ తల్లికి కోపం రాదా?" అని అడిగింది.

మా పాలెం ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దత్త "మీ తల్లికి మీరు పెట్టుకోండి, మేము మా ప్రార్థన జేసుకుంటాం. లాగేటప్పుడు మాత్రం అందురూ కలిసి లాగాల" అంది. కళ్ళు మూసుకుని మేము ప్రార్థన చేశాం, వాళ్ళు పైపుకు బొట్లు పెట్టారు. పెట్టాక పెద్దత్త పొడిగుడ్డతో ఆ పైపును, క్లాంపు పట్టే మేర, శుభ్రంగా తుడిచింది. మొదటి పైపు వచ్చింది. అందరం కేకలు వేశాం. దూరంగా నిలబడిన మగవాళ్ళు నాలుగడుగులు దగ్గరికి వచ్చారు. రెండోది వచ్చింది. ఒక్కొక్క పైపు పైకి తేలినప్పుడల్లా గంగమ్మ కొత్తగా బయటపడుతున్నట్టే లెక్క కాబట్టి ఒక్కొక్కదానికీ పసుపు పెట్టవలసి వచ్చింది. కాని లోపల నుంచి వచ్చే పైపు నీళ్ళు కారుతూ వస్తుంది, పెట్టిన పసుపు పెట్టినట్టే జారిపోతున్నది. నీళ్ళలో కలిపిన పసుపు నిలబడడం లేదని, శెట్టిగారి భార్య పక్కనున్న పిల్లను దుకాణానికి పరుగెత్తించి ఆముదం తెప్పించి, పసుపును ఆముదంలో కలిపింది. అది నేను చూశాను. చూసి కూడా, అందరిలాగే, ఈసారి పసుపు ఎంత బాగా పట్టుకుందో అనుకున్నాను, అంతకు మించి ఆలోచన రాలేదు. పెద్దత్త అటువైపు తిరిగి, ఎత్తే ఆడవాళ్ళ కాళ్ళు జారకుండా ఇసుక పోయిస్తున్నది.

మూడో పైపు పైకి వచ్చింది. పెద్దత్త తుడిచింది, కాని శెట్టిగారి భార్య భక్తికొద్దీ కిందికి వంగి, తుడిచిన చోటికి కింద, భూమి అంచున, మళ్ళీ ఒక పట్టు పట్టించింది. ఇంకొంచెం ఎత్తండి అన్నారు ఎవరో. ఎత్తారు. ఆముదం పట్టించిన చోటు పైకి వచ్చింది. క్లాంపు సరిగ్గా దాని మీద పడింది. పెద్దత్త బిగించింది, బలమంతా పెట్టి బిగించింది. పై పైపు విప్పడానికి స్పానరు వేసి తిప్పాం. విడిపోయింది. అంతలో క్లాంపులో నుంచి పైపు మెల్లగా, ఎంత మెల్లగా అంటే ఒక్క క్షణం అది ఆడుతున్నదేమో అనిపించేటంత మెల్లగా జారి, తర్వాత ఒక్కసారిగా వెళ్ళిపోయింది. పైపుల మీద పైపులు రాపాడుకుంటూ దిగే శబ్దం, చివర ఎక్కడో అడుగున ఒక దెబ్బ. అందరం ఆ బోరు కంతలోకి చూస్తూ నిలబడ్డాం.

ముందు కదిలింది పెద్దత్త. వంగి క్లాంపు చేతిలోకి తీసుకుంది. దాని పళ్ళ నిండా పచ్చని ముద్ద జిడ్డుగా పట్టి ఉంది. దానిని చూసింది, తల ఎత్తి శెట్టిగారి భార్య చేతిలో గిన్నె వైపు చూసింది. ఆమె కూడా ఆ పళ్ళ వైపు చూసింది. మగవాళ్ళు అప్పటికి పరుగెత్తి వస్తున్నారు. పెద్దత్త తన తెల్లచీర కొంగుతో ఆ క్లాంపు పళ్ళను గట్టిగా తుడిచేసి, కొంగును నడుముకు దోపుకుంది.

"ఎవురు బిగించినారు క్లాంపు?" అని అడిగాడు పంచాయతీ మెంబరు.

"నేనే నాయనా. సరింగా బిగించలేకపోయినాను."

"ఆడోళ్ళ చేతికి ఇనుము ఇస్తే ఇంకేమయితాదిలే. పొయ్యి కాడ గరిటె తిప్పినట్టు అనుకున్నావా?"

"తప్పు నాదే" అంది పెద్దత్త.

శెట్టిగారు వచ్చి భార్య చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆమె వెనక్కి చూస్తూనే వెళ్ళింది, గిన్నె చేతిలోనే ఉంది.

పాలెంలో మా గుమ్మం దగ్గర నాకు దుఃఖం ఆగక, ఎందుకట్లా చెప్పావని గట్టిగా అడిగాను.

"గమ్మున ఉండు మే" అంది. "ఆ బిడ్డ పేరు బయటికొస్తే మనోళ్ళు వాళ్ళ పసుపును తిడతారు, వాళ్ళు మన ప్రార్థనను తిడతారు. ఊళ్ళో ఆడోళ్ళు మళ్ళా ఈ తట్టు తొంగిచూడరు. ఈ ఎండల్లో మనకు నీళ్ళు కావాలంటే వాళ్ళ చేలో బావే గదా ఉండాది. పోయిన పైపులు ఎట్టాగూ పోయినాయి, వచ్చిన మనుషుల్ని గూడా పోగొట్టుకుందామా?" ఆ పైన, ఆమె బతికి ఉన్నంతకాలం ఎవరితోనూ చెప్పొద్దని నా చేత మాట తీసుకుంది. ఆమె అంటే తానా, శెట్టిగారి భార్యా అని నేను అడగలేదు. ఇద్దరి కోసమూ ఉంచుకున్నాను.

మరునాడు ఆత్మకూరుకు పోయాం. బండి వింజమూరు వైపు తిరుగుతున్నదని, అన్ని ఊళ్ళూ ఏడుస్తున్నాయని చెప్పారు, అది అబద్ధం కూడా కాదు. మాకు నేర్పిన ఫిట్టరు ఒక ఆదివారం తనంతట తానే, పడిన పైపులను పట్టి లాగే కొక్కెం తీసుకుని బస్సులో వచ్చాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా దింపాడు, తీశాడు, మళ్ళీ దింపాడు. కొక్కెం ఖాళీగానే వచ్చింది. పైపులు అడ్డం పడి బోరు గోడ కూలి ఉంటుందని, ఇంక దీన్ని మర్చిపోండమ్మా అని చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగకుండా లేచి వెళ్ళాడు. నేను ఆ వారమే ఉదయగిరి పోయి గ్రంథాలయంలో కూర్చున్నాను. నీళ్ళు, బావులు, యంత్రాలు అని పేరున్న ప్రతి పుస్తకమూ గ్రంథపాలకుడు నిచ్చెన వేసి దింపి ఇచ్చాడు. నూతులు తవ్వడం ఉంది, డ్రిప్పు వేయడం ఉంది, నదుల పుట్టుక ఉంది. జారిపోయిన పైపును ఎట్లా తీయాలో ఒక్క పుస్తకంలోనూ లేదు. నా మీద నాకు అంత నమ్మకం కలిగించిన ఆ గదిలో, చుట్టూ అన్ని పుస్తకాలుండగా, ఒక్క గుక్కెడు నీళ్ళు సంపాదించలేకపోయానని, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. పేపర్లు చదివే మగవాళ్ళు తమంతట తామే జరిగి కూర్చున్నారు.

ఇంక మిగిలింది ఊరికి దూరాన, కొండ వాలులో ఒక రైతు చేలో ఉన్న బావి. లోతైన బావి, గిలక మీద చేంతాడు. ఆయన మంచివాడే, కాదనలేదు, కాని చేంతాడు ఊళ్ళోవాళ్ళే ముట్టుకోవాలని, తోడి పాలెం వాళ్ళ బిందెల్లో పోయవచ్చునని షరతు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళకే తమ బిందెలు నింపుకునేసరికి చేతులు పడిపోతుంటే మాకెవరు తోడతారు? మొదటి రోజు మేము ఖాళీ బిందెలతో గట్టు మీద కూర్చుని ఉన్నాం. ఇంక బడి బోరింగు నీళ్ళే గతి అని లేస్తుండగా శెట్టిగారి భార్య వచ్చింది. ఇంట్లో ఎంత గొడవపడి వచ్చిందో తెలియదు. ఎవరి మొహమూ చూడకుండా నేరుగా పోయి చేంతాడు అందుకుంది. బొక్కెన దించింది, లాగలేక లాగింది, తెచ్చి మొదట పెద్దత్త బిందెలో పోసింది. ఆ తర్వాత మా పాలెం బిందెలన్నిటిలోనూ పోసింది. ఆ ఎండాకాలమంతా రోజూ వచ్చింది. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చిదిగి, గుడ్డ చుట్టుకుని తోడింది. ఊళ్ళో ఆడవాళ్ళు మొదట నవ్వారు, శెట్టెమ్మకు పిచ్చిపట్టిందన్నారు, తర్వాత ఒకరూ ఇద్దరూ వచ్చి తాడు పట్టారు. పెద్దత్తకూ ఆమెకూ నడుమ బోరింగు మాట ఒక్కటి కూడా నడవలేదు. ఒకరోజు ఆమె లాగలేక సగంలో నిలిచిపోతే, రైతు చూస్తుండగానే పెద్దత్త లేచి వెళ్ళి తాడు పట్టింది. ఆయన తల తిప్పుకుని ఎద్దుల దగ్గరకు వెళ్ళిపోయాడు.

కథల్లో అయితే ఇక్కడితో కష్టాలు తీరేవి. మాకు తీరలేదు. ఆ బావి కూడా ఎండిపోయింది. పెద్దత్త ఇంట్లోని సామాన్ల పెట్టెను పంచాయతీవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. అది తర్వాత ఎక్కడ తుప్పుపట్టిందో తెలియదు. వానలు పడ్డాక వేరే చోట బోరు వేశారు, అందులోనూ ఫ్లోరైడే పడింది. ఆ నీళ్ళతో పెరిగిన పిల్లలు ఇప్పుడు తండ్రులయ్యారు, నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటారు. పక్క ఊరి ఆడవాళ్ళు ఒకసారి తమ బోరింగు చూడమని పెద్దత్త కోసం వచ్చారు. ఆమె చీర మార్చుకుని బయలుదేరింది కూడా. దారిలో మా ఊరి మగవాళ్ళు, మీ బోరింగుకు కూడా కాలం చెల్లిందా అని వాళ్ళను ఎగతాళి చేస్తే, వాళ్ళు మొహమాటపడి, మళ్ళీ కబురు చేస్తామని వెళ్ళిపోయారు. కబురు రాలేదు. నేర్చుకున్న చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, గడపలో కూర్చుని, ఆమె ముసలిదైంది. సమాజం పెద్దరికం కూడా వేరేవాళ్ళకు అప్పగించింది. చివరి రోజుల్లో మోకాళ్ళు పూర్తిగా బిగుసుకుపోయి మంచం దిగలేకపోయినప్పుడు, నిజం చెప్పేస్తానని నేనొకసారి బతిమాలాను. "ఇప్పుడు జెప్పి ఏం జేస్తావు? నీళ్ళొస్తాయా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నింద దిగకుండానే పోయింది. శెట్టిగారి భార్య శ్మశానం దాకా రాలేదు, వాళ్ళలో ఆడవాళ్ళు రారు. మా పాలెం మొదట్లో, బందెలదొడ్డి దగ్గర, ఒక్కతే నిలబడి ఉంది.

ఆమె నిరుడు వింజమూరులో కూతురి ఇంట్లో పోయింది. పోయేముందు నన్ను పిలిపించింది. మంచం మీద ఎముకల గూడులా ఉంది, బేసరి కూడా తీసేశారు.

"నువ్వు పుస్తకాలు సదివేదానివి గదా, రాయి మే" అంది. "ఆముదం కలిపింది నేనని రాయి. నా పేరు బెట్టి రాయి. నా బిడ్డలు సదివినా ఫర్వాలేదు. నేను నోరు తెరిచి చెప్పలేకపోయినాను, ఎన్నిసార్లు మీ ఇంటి దాకా వచ్చి మళ్ళుకున్నానో ఆ గంగమ్మకే తెలుసు."

నీ భక్తి తప్పు కాదక్కా అని నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె నా మాట వినలేదు, రాస్తానని చెప్పేదాకా చేయి వదల్లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పొద్దున్నే ఆటోలో నీళ్ళ టిన్నులు వస్తాయి. ఎవరి గడపలో వాళ్ళు దించుకుంటారు, మంచిదే, మోకాళ్ళ నొప్పులు లేవు. కాని రెండు వరుసల ఆడవాళ్ళు ఒక ఇనుప పైపుకు అటూ ఇటూ నిలబడి, ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుండగా, ఒకేసారి ఎత్తవలసిన అవసరం ఇప్పుడెవరికీ లేదు. శిక్షణలు చాలా జరుగుతున్నాయి, అమ్మాయిలు మాకన్నా చురుకైనవాళ్ళు, ఫోనులో లోకమంతా చూస్తారు. వాళ్ళకు మేలే జరగాలి. పని చెడిన రోజున, అందరూ వేళ్ళు చూపించే ఆ నిమిషంలో, పక్కనున్న మనిషిని ఎట్లా కాపాడుకోవాలో మాత్రం మాకు ఎవరూ నేర్పలేదు, వాళ్ళకూ ఎవరూ నేర్పడం లేదు. పెద్దత్త దగ్గర నేను కళ్ళారా చూశాను. చూసినదాన్ని ఎవరికైనా అందించే వీలు నాకు ఇన్నేళ్ళూ దొరకలేదు, దొరికేసరికి వినే ఆడవాళ్ళ సమాజమే లేకుండా పోయింది. మా స్త్రీల సమాజం గదికి ఇప్పుడు తాళం ఉంటుంది.

సాయం చేసినవాళ్ళను మర్చిపోకూడదు. ఆదివారం సెలవు మానుకుని వచ్చిన ఫిట్టరు మస్తానయ్యగారికి, నిచ్చెన ఎక్కి పుస్తకాలన్నీ దింపిన గ్రంథపాలకుడు కోటేశ్వరరావుగారికి, తల తిప్పుకుని ఎద్దుల దగ్గరకు వెళ్ళిపోయిన రైతు వెంగళరెడ్డిగారికి నా నమస్కారాలు. నేను తిరుగుతుంటే తిడుతూనే నా బిడ్డను ఎత్తుకుని సాకిన మా అత్త దీనమ్మకు కృతజ్ఞతలు. తన పేరు పెట్టి రాయమన్న సుబ్బరత్నమ్మక్కకు. రాశానక్కా, నీ చేతుల బొబ్బలు కూడా రాశాను.

ఇక మా పెద్దత్త రాహేలమ్మ. క్లాంపు బిగించింది ఆమే. సరిగ్గానే బిగించింది.